ఎవరి ఫోను, ఎవరి వేలు

మా బ్యాంకులో కొత్తగా చేరిన ఆఫీసర్లకు శిక్షణ జరుగుతుంటే, రిటైరైన వాళ్ళలో ఒకరిగా నన్నూ పిలిచి ఒక గంట మాట్లాడమన్నారు. వెళ్ళాను. ట్రాన్స్‌ఫర్ల గురించి అడిగారు, ప్రమోషన్ పరీక్ష గురించి అడిగారు, ఇల్లు కట్టుకోవడానికి స్టాఫ్‌కు ఇచ్చే లోన్ గురించి అడిగారు. చివర్లో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, ఖాతాల వివరాలు చూసేందుకు కస్టమర్ ఫోన్‌లో సమ్మతి తీసుకోవడానికి ఎంత టైమ్ పెట్టుకోవాలి? మాకు ఒక్క నిమిషం అని చెప్పారు" అంది.

"ఒక్క నిమిషంలో నేనొక ఇంటిని ముంచాను తల్లీ" అన్నాను. అందరూ నవ్వారు. నేనేదో జోక్ వేశాననుకున్నారు. ఇంతలో టీ వచ్చింది, మాట అక్కడే ఆగిపోయింది. ఇంటికొచ్చాక ముందు ఆ నవ్వు మీద కోపమొచ్చింది, తర్వాత సరిగా చెప్పనందుకు నా మీదే కోపమొచ్చింది. ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన జవాబు ఇది. ప్రమోషన్ల కథ ఇందులో ఉండదు. నాకు రెండొచ్చాయి, రెండూ ఆలస్యంగానే వచ్చాయి, వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

అవ్వ వేలు

మాది నల్గొండ పక్కన పానగల్. సెంటు భూమి లేని ఇల్లు. అమ్మా నాయినా ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. ఆదివారం మాత్రం ఉతికిన బట్టలు కట్టుకుని ప్రార్థనకు పోయేవాళ్ళం. మా వాడలో బ్యాంకు కౌంటర్‌కు లోపలివైపు కూర్చున్న మొదటి మనిషిని నేనే. ఆ గర్వం అప్పుడుండేది, ఇప్పుడూ ఉంది.

క్లర్కుగా చేరిన కొత్తలో మా మేనేజర్ నర్సింహారావు గారు నాకు నేర్పిన మొదటి పని వేలిముద్రలు తీసుకోవడం. "చూడమ్మా, ప్యాడు వాళ్ళకియ్యకు. వేలు నువ్వే పట్టుకో, నువ్వే అద్దు, నువ్వే ఒత్తు. వాళ్ళు ఒత్తితే అలుక్కపోతది, మళ్ళ ఫారం చింపాలె" అన్నారు. మంచి మనిషి. కూలివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఆయన చెప్పినట్టే చేశాను. కొన్నాళ్ళకు నా అంత వేగంగా ముద్రలు తీసేవాళ్ళు ఆ బ్రాంచిలో లేరు.

ఒకరోజు మా అవ్వే వచ్చింది, పింఛను ఖాతా కోసం. నేను వేలు పట్టుకోగానే వెనక్కి గుంజుకుంది.

"దేనికే బిడ్డా?"

"ఏం లేదవ్వా. ఒత్తు."

"ఏం లేకుంటె ఒత్తుడెందుకు?"

"లైన్ల మంది ఉన్నరు, జర సప్పుడు జెయ్యకు."

మళ్ళీ పట్టుకుని ఒత్తించాను. అవ్వ సిరా మరకను కొంగుకు తుడుచుకుంటూ, "భూమి కాయితాల మీద పట్వారి గూడ గిట్లనే పట్టుకుంటుండె" అని వెళ్ళిపోయింది. నలుగురిలో పరువు తీసిందని నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం ఇంట్లో గట్టిగానే అరిచాను. అవ్వ మామూలుగానే నాకు అన్నం పెట్టింది.

బస్సుకు పోసిన పైసలు

ప్రత్యేక రాష్ట్రం వచ్చాక కొన్నేళ్ళకు కల్వకుర్తిలో మేనేజర్‌నయ్యాను. పాత పద్ధతే మేలని నేననను. పాత పద్ధతిలో జనం చచ్చిపోయేవాళ్ళు. లోన్ కావాలంటే, ఏయే బ్యాంకుల్లో ఖాతాలున్నాయో అన్నింటి నుంచీ స్టేట్‌మెంట్లు ముద్ర కొట్టించుకుని రావాలి. యాదయ్య అనే రైతు ట్రాక్టర్ లోన్‌కు వచ్చాడు. ఒక ఖాతా మా దగ్గర, ఒకటి అచ్చంపేటలో, ఒకటి మహబూబ్‌నగర్‌లో. ఒకచోట ప్రింటర్ పనిచేయదు, ఒకచోట ముద్ర కొట్టే ఆఫీసర్ సెలవు, ఇంకోచోట "రేపు రా". చివరికి కాగితాలు నా టేబుల్ మీద పడేసి, "మేడం, టాక్టర్ పైసలు టాక్టర్ కొనకముందే బస్సుకు వోసిన" అన్నాడు.

అలాంటప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. కస్టమర్ ఫోన్‌కు ఒక సందేశం వస్తుంది. తెరిస్తే ఆ నంబరు మీద ఏ బ్యాంకులో ఏ ఖాతా ఉందో వరసగా కనబడతాయి. ఏవి చూపించదలచుకుంటే వాటికి టిక్కు పెట్టి, "ఒప్పుకుంటున్నాను" అని ఒత్తి, మెసేజ్‌లో వచ్చిన ఓటీపీ నంబరు కొడితే చాలు. ఆ ఖాతాల వివరాలు అన్ని బ్యాంకుల నుంచీ నేరుగా మాకు వచ్చేస్తాయి. బస్సుల్లేవు, ముద్రల్లేవు. మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. యాదయ్యకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

చిక్కల్లా ఆ తెర మీద రాతలో ఉంది. "ఆర్థిక సమాచార వినియోగదారునకు నా ఖాతాల వివరములను పేర్కొన్న కాలావధికి అందించుటకు ఇందుమూలముగా సమ్మతించుచున్నాను." మా ఊళ్ళలో దీన్ని చదివిన ప్రతి ఒక్కరూ ఫోన్ నా చేతికిచ్చి, "గిది తెలుగేనా మేడం? మీరే ఒత్తుండ్రి" అనేవాళ్ళు. ఇంకో సంగతి, అన్ని ఖాతాల ముందూ టిక్కు ముందే పెట్టి ఉండేది. వద్దనుకున్నది మనమే తీసేయాలి. ఆ సంగతి కస్టమర్లకు తెలియదు. నాకు తెలుసు, పట్టించుకోలేదు.

బుధవారం టేబుల్

మహబూబ్‌నగర్ రీజనల్ ఆఫీసులో మా పై ఆఫీసర్‌కు రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న. "మేడం, ఇయ్యాల ఎన్ని సమ్మతులొచ్చినయ్?" తక్కువైతే, "పక్క బ్రాంచిని చూడుండ్రి" అనేవాడు. చెడ్డవాడేం కాదు, ఆయన పైన ఇంకొకాయన అదే ప్రశ్న అడిగేవాడు. నాకు మాట పడటం చిన్నప్పటి నుంచీ చేతకాదు.

అందుకని ఒక ఉపాయం పన్నాను. పాడి పశువుల లోన్లకు ఊళ్ళనుంచి ఆడవాళ్ళు గుంపుగా వస్తారు కదా, వాళ్ళకు బుధవారం కేటాయించాను. వచ్చిన వాళ్ళు ఫోన్లన్నీ నా టేబుల్ మీద వరసగా పెట్టాలి, చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు. నేనూ మా క్లర్కూ ఒక్కొక్క ఫోన్ తీసుకుని సందేశం తెరవడం, ఒప్పుకుంటున్నాను అని ఒత్తడం, నంబరు కొట్టడం, పక్కన పెట్టడం. మనిషికి ఒక నిమిషం కూడా పట్టేది కాదు. ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చుని ముచ్చట్లు పెట్టుకునేవాళ్ళు. అందరికీ హాయిగా ఉండేది.

రీజనల్ మీటింగులో పై ఆఫీసర్ నన్ను లేపి నిలబెట్టి, "సులభం చేయడమంటే మేడం దగ్గర నేర్చుకోండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను చీర కొంగు సర్దుకుని మరీ నిలబడ్డాను. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పద్మ

పద్మ బట్టలు కుడుతుంది. భర్త లింగయ్యది నాలుగెకరాల చెల్క, నీళ్ళు లేని మెట్ట భూమి. తాగుబోతు కాదు, చెయ్యి చేసుకునే రకమూ కాదు. ఆయనకున్న జబ్బు ఒకటే, బోరు. మా పాలమూరు, నల్గొండ వైపు ఆ జబ్బు లేని ఊరు లేదు. అప్పటికి నాలుగు బోర్లు వేశాడు, నాలుగింట్లోనూ నీళ్ళు పడలేదు. నీళ్ళ జాడ కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఒకాయన, ఈశాన్యం మూలన కాయ నిలబడిందని చెప్పినప్పటి నుంచీ లింగయ్య ఐదోది వేయాలని పట్టుపట్టి ఉన్నాడు.

ఇద్దరూ కలిసి రెండు బర్రెల కోసం లోన్‌కు వచ్చారు. అదీ పద్మ ఆలోచనే. బుధవారం నాడు ఆమె ఫోన్ కూడా మిగతావాటితో పాటు వరసలో పెట్టింది, నేను ఒత్తాను. అయిదు నిమిషాల్లో వివరాలొచ్చాయి. భార్యాభర్తల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, కంప్యూటర్ చూస్తూ నవ్వుతూ చెప్పాను.

"ఏం పద్మా, దేవరకొండల ఇంకో ఖాతా ఉన్నట్టు చెప్పనే లేదు! మంచిగనే జమచేసినవ్. ఇగ నీ లోన్‌కు ఢోకా లేదు."

పద్మ నావైపు చూడలేదు. లింగయ్య వైపూ చూడలేదు. చేతిలో ఉన్న సంచి హ్యాండిల్ వైపు చూసింది. లింగయ్య "ఏ ఖాతా?" అన్నాడు. నన్ను కాదు, ఆమెనే అడిగాడు. అప్పుడు కూడా నాకు సమజ్ కాలేదు. ఫారం మీద సంతకాలు పెట్టించే తొందరలో ఉన్నాను. లింగయ్య లేచి, "మల్లొస్తం మేడం" అన్నాడు. వాళ్ళు బర్రెల లోన్‌కు మళ్ళీ రాలేదు.

తెల్ల దుమ్ము

నెల తర్వాత పద్మ ఒక్కతే వచ్చింది. భోజనాల టైము, బ్రాంచి ఖాళీగా ఉంది. నిలబడే అడిగింది.

"మేడం, ఆ దినం నా ఫోన్ల ఏం ఒత్తిండ్రు?"

చెప్పాను. విన్నది. తర్వాత ఆమె చెప్పింది. దేవరకొండ ఆమె తల్లిగారి ఊరు. జాకెట్లు కుట్టిన దాంట్లో మిగిలింది మిగిలినట్టు, తల్లిని చూడబోయినప్పుడల్లా అక్కడి ఖాతాలో వేసేది. పాస్‌బుక్ తల్లి దగ్గరే ఉండేది. ఎనిమిదేళ్ళుగా. కూతురు స్వప్నకు నర్సింగ్ సీటు కోసం. ఆ ఏడు స్వప్నకు సీటొచ్చింది. వాళ్ళు నా దగ్గరికి వచ్చింది ఫీజు కట్టాల్సిన నెలలోనే.

"ఆయన కొట్టిండా?" అన్నాను.

"కొడితె మంచిగుండు మేడం. తిట్టనన్న తిట్టలె. అన్నం తినుడు బంద్ జేసిండు. అత్త నాతోని మాట్లాడుడు బంద్ జేసింది. 'ఎనిమిదేండ్లు నన్ను పరాయోన్ని జేసినవ్' అని ఒక్క మాట అన్నడు. మూడో దినం నేనే పోయి పైసలు తీసుకొచ్చి ఆయన చేతుల వెట్టిన."

రిగ్గు లారీ వచ్చింది. ఈశాన్యం మూలన ఐదో బోరు వేశారు. పొద్దంతా తెల్ల దుమ్మే లేచింది. నీళ్ళు పడలేదు. స్వప్న సీటు వేరేవాళ్ళకు పోయింది. ఆ పిల్ల యాదగిరిగుట్టలో ఒక లాడ్జి కౌంటర్‌లో పనికి కుదిరింది.

నాకు మాట పడటం చేతకాదని చెప్పాను కదా. అంత విన్నాక కూడా ముందు నన్ను నేను కాపాడుకునే మాటే నోట్లోంచి వచ్చింది. "ఫోన్ నువ్వే ఇచ్చినవ్ గద పద్మా."

"ఫోనిచ్చిన మేడం. బర్రెల లోన్‌కు ఇచ్చిన. దేవరకొండ సంగతి ఆయన ముంగట చదువుమని ఇయ్యలె."

నా జీతంలోంచి ఫీజు కడతానన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను. "మీ పైసలెందుకు మేడం? మీరు తీసుకున్నది పైసలు గాదు గదా" అంది. నీళ్ళు తాగాను. అంత వయసులో, ఆ కుర్చీలో కూర్చుని, ఒక బట్టలు కుట్టే మనిషి ముందు తలెత్తలేకపోయాను. మా అవ్వ కొంగుకు సిరా తుడుచుకోవడం గుర్తొచ్చింది.

పద్మ వచ్చిన పని అది కాదు. "ఇంక ముంగట నా ఖాతాలు మీకు కనబడకుండ చేయొచ్చునా?" అని అడగడానికి వచ్చింది. చేయొచ్చు, రద్దు చేసుకునే హక్కు ఉంది, అన్నాను గొప్పగా. ఎలాగో చూపించమంది. అప్పుడు తెలిసింది, నాకే రాదని. వందలమంది ఫోన్లలో ఒప్పుకున్నదాన్ని, ఒక్కసారి కూడా రద్దు చేసి చూడలేదు. ఇవ్వడానికి నిమిషం పట్టలేదు, తీసుకోవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. వెతుకుతుంటే ఇంకొకటి బయటపడింది. లోన్ వద్దనుకుని వెళ్ళిపోయినా, ఆమె రెండు ఖాతాల వివరాలూ మాకు ఇంకా వస్తూనే ఉన్నాయి. కాలపరిమితి అని చిన్న అక్షరాల్లో ఉన్న చోట ఏళ్ళకు ఏళ్ళు రాసి ఉంది. ఆ ముక్కనూ నేను చదవలేదు.

రద్దు మీట కనబడగానే అలవాటుగా నా వేలు ముందుకు పోయింది. పద్మ ఫోన్ వెనక్కి తీసుకుంది. "నేనొత్తుత" అంది. ఒత్తింది. "మల్ల ఇంకోటి తెరుస్త మేడం. గది మీకు కనబడది" అని వెళ్ళిపోయింది.

చేతులు టేబుల్ కింద

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ పట్టుకున్నాను. బుధవారం వరస మానేశాను. లోన్‌కు వచ్చిన మనిషిని ఒక్కరినే లోపల కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. భర్తైనా, కొడుకైనా, సర్పంచైనా బయటే. తెర మీదున్న ఆ ఇందుమూలముగా భాషను పక్కన పెట్టి, మనం ఇంట్లో మాట్లాడే మాటల్లో నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. ఏ ఖాతా చూపిస్తవ్? ఎవరికి? దేనికి? ఎన్ని దినాలు? చూపించనిదానికి టిక్కు ఎలా తీసేయాలో, తర్వాత వద్దనుకుంటే ఎక్కడ ఒత్తాలో కూడా ముందే చూపించేదాన్ని. ఆ తర్వాత నా రెండు చేతులూ టేబుల్ కింద పెట్టుకునేదాన్ని, లేకపోతే వాటంతటవే ఫోన్ మీదకు పోతాయి. మొదట్లో చాలా కష్టమైంది. వాళ్ళు తెర మీద తప్పుచోట ఒత్తుతుంటే, నా వేళ్ళు టేబుల్ కింద కొట్టుకునేవి.

మనిషికి పది నిమిషాలు పట్టేది. మా పై ఆఫీసర్ ఫోన్‌లో మండిపడ్డాడు.

"ఏమైంది మేడం మీకు? జిల్లాల మీ బ్రాంచి చివరికొచ్చింది. జనానికి సులభం చేయమంటే కష్టం చేస్తుండ్రు."

"సార్, మనకు సులభమైంది. వాళ్ళకు గాలేదు."

"ఖాతాలు దాచిపెట్టమని మీరే నేర్పిస్తుండ్రంట?"

"వాళ్ళది వాళ్ళు దాచుకుంటే దాచుడెట్లయితది సార్?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ ఏడు నా రిపోర్టులో ఏం రాశాడో నేను చూడలేదు.

ఆయన మాటలో న్యాయం అసలు లేదని కూడా అనను. ఒక పత్తి వ్యాపారి అప్పుల్లో మునిగిన ఖాతాకు టిక్కు తీసేసి, మంచిగా కనబడే ఖాతా ఒక్కటే చూపించి లోన్ తీసుకున్నాడు. ఎగ్గొట్టాడు. ఆ చీవాట్లు నేనే తిన్నాను. వ్యాపారి లోన్ అన్నప్పుడు మిగతా ఖాతాలు ఏవని నోటితో అడగాలి, చూపించకపోతే లోన్ ఇవ్వనని ముఖం మీదే చెప్పాలి. అడగడం వేరు, చెప్పకుండా తీసుకోవడం వేరు. నేను ఆ అడగాల్సిన పని కూడా ఫోన్‌కే వదిలేశాను. అది ఇంకో తప్పు.

నాలుగు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్ళు చాలామంది, కొంచెంసేపు ఆలోచించి, ఏదో ఒకదానికి టిక్కు తీసేసేవాళ్ళు. ఎందుకని ఎవరినీ అడగలేదు. బిడ్డ చదువో, దవాఖాన ఖర్చో, తమ్ముడికిచ్చిన సాయమో, తన సావు ఖర్చుకు తానే దాచుకున్నదో. వాళ్ళ ఫికర్ వాళ్ళది. బర్రె పాలిస్తుందా, వాయిదా కడతారా, అంతవరకే నా పని.

ఆఖరి వారం

నేను రిటైరయ్యే వారంలో పద్మ మళ్ళీ వచ్చింది. వెంట లింగయ్య, స్వప్న. స్వప్న గుట్టలో రెండేళ్ళు లాడ్జి తాళాలు ఇచ్చి పుచ్చుకుని, మళ్ళీ సీటు తెచ్చుకుంది. చదువు లోన్ కావాలి, తల్లి కూడా సంతకం పెట్టాలి. పోయిన రెండేళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదు. పద్మ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం కూడా చేయలేదు.

తల్లీకూతుళ్ళిద్దరి ఫోన్లకూ సందేశాలు పంపించాను. చేతులు టేబుల్ కింద పెట్టుకుని, లింగయ్యను బయటికి పంపాక అడగాల్సిన నా నాలుగు ప్రశ్నలకు సిద్ధమయ్యాను.

"నాకెరికే మేడం. బిడ్డకు నేను చెప్త" అంది పద్మ. భర్త వైపు తిరిగి, "నువ్వు బయట కూసో" అంది. లింగయ్య కుర్చీలోంచి లేచి బయటకు వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

ఇక మొదలుపెడతారనుకున్నాను. పద్మ ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని నావైపే చూస్తోంది.

"మీరు గూడ అటు తిరుగుండ్రి మేడం."

ఇన్నేళ్ళ సర్వీసులో నాతో అలా అన్నవాళ్ళు లేరు. లోపల ఒక్కసారి చురుక్కుమంది, నిజం చెప్పాలి కదా. కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. గోడకు క్యాలెండర్ ఉంది, దాన్నే చూస్తూ ఉన్నాను. వెనక నుంచి పద్మ గొంతు చిన్నగా వినబడుతోంది.

"ఏ ఖాతా చూపిస్తవ్ బిడ్డా? ఎవరికి? దేనికి? ఎన్ని దినాలు? ఆగాగు, తొందరేం లేదు. నీ వేలుతోనే ఒత్తు."

చాలాసేపు పట్టింది. పది నిమిషాల కంటే ఎక్కువే అయి ఉంటుంది. నేను గడియారం చూడలేదు.

"ఇగ తిరుగుండ్రి మేడం" అంది పద్మ.